పాత చైన్ డోజర్ స్టీరింగ్ తకరార్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇప్పటికీ పని లాగిస్తున్న పాత చైన్ డోజర్ల కోసం ఈ పేజీ. బెమెల్ డి-50, డి-80, పాత క్యాటర్‌పిల్లర్ డి-4, డి-6 లాంటివన్నమాట. అంటే రెండు లివర్లతో, స్టీరింగ్ క్లచ్‌తో, బ్రేకుతో తిరిగే బండ్లు. ఈమధ్య వచ్చిన హైడ్రోస్టాటిక్ బండ్లకు (ఆయిల్ ఒత్తిడితోనే చైన్లు నడిచేవి) ఇక్కడ చెప్పేది పనికిరాదు. కొలతల దగ్గర మీ మోడల్ మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. మాన్యువల్ లేకపోతే ముందు దాన్ని సంపాదించండి, స్పానర్ తర్వాత పట్టుకోవచ్చు.

స్టీరింగ్ చక్రం లేదు కదా, అసలు బండి ఎలా తిరుగుతుంది?

గేరు బాక్సు నుంచి వచ్చిన శక్తి వెనక బెవెల్ గేరు దగ్గర అడ్డంగా రెండు వైపులకీ చీలుతుంది. ఒక్కో వైపు ఒక స్టీరింగ్ క్లచ్ ఉంటుంది. దాని డ్రమ్ము చుట్టూ బ్రేకు బ్యాండ్, ఆ తర్వాత ఫైనల్ డ్రైవ్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్లు), చివర స్ప్రాకెట్ (చైనుని తిప్పే పళ్ల చక్రం), దాని మీద చైను. ఎడమ లివర్ లాగితే ఎడమ క్లచ్ విడిపోయి ఆ వైపు చైనుకి శక్తి అందదు. కుడి చైను నడుస్తూనే ఉంటుంది కాబట్టి బండి మెల్లగా ఎడమకి వాలుతుంది. లివర్‌తో పాటు ఎడమ బ్రేకు కూడా తొక్కితే ఆ చైను పూర్తిగా ఆగి, బండి ఉన్నచోటే తిరుగుతుంది. కొన్ని మోడళ్లలో లివర్ సగం లాగితే క్లచ్, పూర్తిగా లాగితే బ్రేకు కూడా పడుతుంది.

మొదట్లో వీటికీ ముందు చక్రం ఉండేది. అమెరికాలో స్టాక్టన్ ఊళ్లో బెంజమిన్ హోల్ట్ 1904లో నడిపి చూసిన చైన్ ఇంజన్‌కి ముందు వైపు తిప్పుకునే చక్రం ఒకటి తగిలించి ఉంది. చైన్లనే విడివిడిగా ఆపి తిప్పొచ్చని తేలాక దాని అవసరం పోయింది.

స్ప్రింగులే క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టుకుంటాయి, లివర్ చేసేది వాటిని విడదీయడమే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. కింద చెప్పిన సగం జవాబులకు మూలం ఇదే.

మా బండిది పొడి క్లచ్చా, ఆయిల్ క్లచ్చా? ఎలా తెలుస్తుంది?

క్లచ్ ఉండే గది అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. దాన్ని విప్పితే ఆయిల్ ధారగా వచ్చిందంటే ఆయిల్ క్లచ్. ఏమీ రాకపోయినా, నాలుగు చుక్కలు తుప్పు నీళ్లు కారినా పొడి క్లచ్. పాత క్యాటర్‌పిల్లర్లలో ఎక్కువగా పొడివే కనిపిస్తాయి. జపాన్ కంపెనీ కొమాట్సు డిజైన్‌తో మన దేశంలో తయారైన డి-50, డి-80 బండ్లలో సాధారణంగా ఆయిల్‌లో మునిగి ఉండే ప్లేట్లు ఉంటాయి.

పొడి క్లచ్ గదిలోంచి నల్లటి చిక్కటి ఆయిల్ వస్తే మాత్రం దాన్ని ఆయిల్ క్లచ్ అనుకోకండి. బెవెల్ గేరు వైపు ఆయిల్ సీలో, ఫైనల్ డ్రైవ్ లోపలి సీలో పోయిందని అర్థం. ఫైనల్ డ్రైవ్‌లో ఆయిల్ తగ్గుతూ, బయట ఎక్కడా మరక లేకపోతే ఆ ఆయిల్ చేరేది ఇక్కడికే.

బండి తనంతట తానే ఎడమకి లాగుతోంది. క్లచ్ విప్పించాలా?

ఇప్పుడే వద్దు. క్లచ్ విప్పడమంటే సీటు తీయాలి, చాలా మోడళ్లలో వెనక డీజిల్ ట్యాంకు దించాలి, పై మూతలు ఊడదీయాలి, చైన్ బ్లాక్ కట్టి మొత్తం అసెంబ్లీ పైకి ఎత్తాలి. అంత పనీ చేశాక తప్పు క్లచ్‌లో లేదని తేలితే కూలీ దండగ, సీజన్‌లో పోయిన రోజులు అంతకంటే దండగ. బండి ఎడమకి లాగుతోందంటే ఎడమ చైను వెనకబడుతోందన్న మాట. ఎందుకు వెనకబడుతోందో వెతకాలి.

ముందు బ్లేడు పైకెత్తి, చదునైన గట్టి నేల మీద ఖాళీగా నడపండి. ఖాళీగా తిన్నగా పోయి, మట్టి తోసేటప్పుడే ఎడమకి లాగితే రెండు అనుమానాలు. ఒకటి, ఎడమ క్లచ్ బరువు మీద జారుతోంది. రెండోది బ్లేడు. బ్లేడు ఒక మూల కిందికి వాలి ఉన్నా, కటింగ్ ఎడ్జ్ ఒక చివర బాగా అరిగినా, యాంగిల్ పెట్టి మర్చిపోయినా బండి పక్కకి పోతుంది. బ్లేడుని నేలకి ఆనించి రెండు మూలలూ కంటితో చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఖాళీగా నడిపినా లాగుతుంటే క్లచ్ కంటే ముందు మిగతావి చూడాలి. ఎడమ బ్రేకు బ్యాండ్ అంటుకుని ఉందా? పెడల్‌కి ఖాళీ ఆట లేకపోవడం, పని లేకుండా నడిపినా కాలిన వాసన రావడం దాని గుర్తులు. ఎడమ చైను కుడిదానికంటే బిగుతుగా ఉందా? బాటమ్ రోలర్ (బండి బరువు మోస్తూ చైను మీద దొర్లే కింది చక్రం) ఏదైనా పట్టేసిందా? పట్టేసిన రోలర్ చైను మీద తిరగకుండా ఈడుస్తుంది, ఒక పక్క చదునుగా అరిగి ఉంటుంది.

ఆ తర్వాత స్ప్రాకెట్ దగ్గర వంగి చూడండి. పళ్ల పక్క చెంప ఒకవైపు మాత్రమే కొత్త ఇనుములా మెరుస్తుంటే చైను లింకు దాన్ని రాసుకుంటూ పోతోంది. ట్రాక్ ఫ్రేమ్ వంగినా, దాని వెనక బేరింగ్ బుష్ అరిగినా, ఐడ్లర్ (చైను ముందు చివర తిరిగే చక్రం) పక్కకి జరిగినా ఇలాగే ఉంటుంది. ఐడ్లర్ అంచుల మీద కూడా అదే మెరుపు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఈ జబ్బుకి మీరు ఎన్ని క్లచ్ ప్లేట్లు మార్చినా ఫలితం ఉండదు.

ఒకవైపు కొత్త చైను, రెండో వైపు పాత చైను వేసిన బండి కూడా కొద్దిగా పక్కకి జరుగుతుంది. పిన్నులు, బుష్‌లు అరిగిన పాత చైను సాగి, స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే కాస్త ఎక్కువ దూరం పోతుంది. అందుకే బండి కొత్త చైను వైపు వాలుతుంది. చైన్లు జతగా మార్చమని పాత మేస్త్రీలు అనేది ఇందుకే.

క్లచ్ జారుతోందని ఖాయం చేసుకోవడం ఎలా?

గట్టి కట్టకో రాతి గోడకో బ్లేడు తిన్నగా ఆనించి, ఫస్ట్ గేరులో మెల్లగా తోయండి. ఒక మనిషి దూరంగా, పక్కన నిలబడి స్ప్రాకెట్లని చూడాలి. రెండు చైన్లూ నేల గీరుకుంటూ తిరిగినా, ఇంజన్ ఆగిపోయినా క్లచ్‌లు పట్టు మీద ఉన్నట్టే. ఒక స్ప్రాకెట్ ఆగిపోయి రెండోది తిరుగుతుంటే, ఆగిన వైపు క్లచ్ జారుతోంది. రెండు స్ప్రాకెట్లూ ఆగి ఇంజన్ మాత్రం హాయిగా తిరుగుతుంటే మెయిన్ క్లచ్ (ఇంజన్‌కీ గేరు బాక్సుకీ మధ్య ఉండేది) చూసుకోండి, స్టీరింగ్ జోలికి వెళ్లొద్దు. ఈ పరీక్ష కొన్ని సెకన్లే చేయాలి. ఎక్కువసేపు తోస్తే బాగున్న ప్లేట్లు కూడా కాలతాయి. టార్క్ కన్వర్టర్ (మెయిన్ క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తి అందించేది) ఉన్న బండికి ఈ మెయిన్ క్లచ్ లెక్క పనికిరాదు, దానికి చైన్లు ఆగి ఇంజన్ తిరగడం మామూలే.

ఎండాకాలం బాగా పనిచేసింది. వానలకి నిలిపేసి మళ్లీ తీస్తే ఒక లివర్ ఎంత లాగినా బండి తిరగట్లేదు. ఏమైంది?

మన వైపు ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇదే. ఏప్రిల్, మే నెలల్లో చెరువులు, చేల చదును, గ్రావెల్ క్వారీలతో బండికి ఊపిరాడదు. జూన్‌లో తొలకరి పడగానే చెట్టు కిందో, చేను గట్టు మీదో ఆపేస్తారు. పొడి క్లచ్ గదిలోకి తేమ చేరుతుంది, స్ప్రింగుల ఒత్తిడిలో ఉన్న ప్లేట్లు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. లివర్ లాగితే స్ప్రింగుల ఒత్తిడి తగ్గుతుంది కానీ అతుక్కున్న ప్లేట్లు విడిపోవు. రేపల్లె, నిజాంపట్నం వైపు ఉప్పు నేలల్లో రొయ్యల చెరువుల పని చేసి వచ్చిన బండికి ఇది ఇంకా తొందరగా వస్తుంది.

ముందు లివర్ లింకేజీ చూడండి. ఎక్కడైనా పిన్ను ఊడినా, రాడ్డు వంగినా లివర్ వస్తుంది కానీ లోపల యోక్ (క్లచ్‌ని విడదీసే ఇనుప చెయ్యి) కదలదు. పైన తనిఖీ మూత తీసి, ఒకరు లివర్ లాగుతుంటే మీరు యోక్‌ని చూడండి. యోక్ కదిలినా క్లచ్ విడిపోకపోతే ప్లేట్లు పట్టేసినట్టే.

విడదీసే పద్ధతి ఇది. విశాలమైన ఖాళీ చోటు చూసుకుని, చుట్టూ మనుషుల్ని పంపించేయండి. ఇంజన్ వేడెక్కనిచ్చి ఫస్ట్ గేరు వేయండి. పట్టేసిన వైపు లివర్ పూర్తిగా వెనక్కి లాగి తాడుతో కట్టేయండి. బండి కదులుతుండగా అదే వైపు బ్రేకు గట్టిగా తొక్కి వదలండి. ముందుకీ వెనక్కీ చిన్న చిన్న కుదుపులతో ఇలా చేస్తే చాలాసార్లు టప్పుమని విడిపోతుంది. మెయిన్ క్లచ్ మీద చెయ్యి తీయకుండా ఉండటం ముఖ్యం, ఎందుకంటే ఆ బండిని వెంటనే ఆపగలిగేది అదొక్కటే. బ్రేకు తొక్కిపట్టి అలాగే ఈడ్పించకండి, బ్యాండ్ కాలిపోతుంది.

అప్పటికీ రాకపోతే పొడి క్లచ్ గదిని కడగాలి. డ్రెయిన్ ప్లగ్ బిగించి, పై మూతలోంచి కిరోసిన్ గానీ, పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ గానీ పోసి ఒక రాత్రి నానబెట్టండి. తెల్లారి పైన చెప్పిన కుదుపులు మళ్లీ ఇవ్వండి. విడిపోయాక లివర్లు మార్చి మార్చి లాగుతూ కాసేపు నడిపి, డ్రెయిన్ విప్పండి. మొదటిసారి తుప్పు, లైనింగ్ పొడి కలిసి బురదలా దిగుతుంది. శుభ్రంగా వచ్చేదాకా మళ్లీ పోసి కడగండి. డీజిల్ చవక కదా అని పోస్తే జిడ్డు మిగిలి, పట్టేసిన క్లచ్ కాస్తా జారే క్లచ్ అవుతుంది. పెట్రోల్ అయితే ఊసే ఎత్తొద్దు. ఈ పని జరిగేటప్పుడు బీడీ, వెల్డింగ్ రెండూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

మూతలోంచి ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో కొట్టే మేస్త్రీలు ఉన్నారు. డ్రమ్ము పోతపోసిన ఇనుము, పగిలితే అతికించడం కష్టం. ఒప్పుకోకండి.

మళ్లీ వానాకాలానికి ఇలా కాకుండా ఏం చేయాలి?

చేత్తో లాగే పొడి క్లచ్ అయితే నిలిపేటప్పుడు రెండు లివర్లూ వెనక్కి లాగి కట్టేయండి. ప్లేట్ల మీద ఒత్తిడి ఉండదు, అతుక్కోవు. డ్రెయిన్ ప్లగ్ విప్పి ఉంచి, సీటు, వెనక మూతల మీద పట్టా కప్పండి. రెండు వారాలకొకసారి స్టార్ట్ చేసి నాలుగు అడుగులు ముందుకీ వెనక్కీ తిప్పితే అంతకన్నా మంచి మందు లేదు. హైడ్రాలిక్‌తో విడిపోయే క్లచ్‌కి లివర్ కట్టడం దండగ, ఇంజన్ ఆగితే ఒత్తిడే ఉండదు.

లివర్‌కి ఖాళీ ఆట ఎంత ఉండాలి?

కొలత మాన్యువల్‌ది. కానీ ఆ ఆట ఎటు మారుతోందన్నదే అసలు విషయం. ప్లేట్లు అరిగే కొద్దీ ఆట పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్రింగ్ క్లచ్‌లో అది తగ్గుతుంది. పూర్తిగా పోయిందంటే విడదీసే బేరింగ్ ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది, క్లచ్ జారుతుంది, బేరింగ్ కూడా కాలుతుంది. కాబట్టి బండి బరువు మీద జారుతోందనగానే చేయాల్సిన మొదటి పని ఆట సరిచేయడం. పైసా ఖర్చు లేని వైద్యం. దీనికి తిరగబడి, ఆట మరీ ఎక్కువైతే లివర్ చివరిదాకా లాగినా క్లచ్ పూర్తిగా విడిపోదు. బ్రేకు పెడల్‌ది వేరే లెక్క: లైనింగ్ అరిగే కొద్దీ దాని ఆట పెరుగుతుంది.

దిగుడులో ఎడమ లివర్ లాగితే బండి కుడికి తిరిగింది! లివర్లు తారుమారయ్యాయా?

లేదు, బండి సరిగ్గానే ఉంది. పల్లంలో ఇంజన్ బండిని లాగదు, పట్టి ఆపుతూ ఉంటుంది. ఎడమ లివర్ లాగితే ఎడమ చైనుకి ఆ పట్టు పోయి అది ఇంకా వేగంగా దొర్లుతుంది, కుడి చైను వెనకబడుతుంది, బండి కుడికి తిరుగుతుంది. పేరేచర్ల లాంటి క్వారీల ర్యాంపుల మీద కొత్త డ్రైవర్లు హడలిపోయేది ఇక్కడే. భయంలో అదే లివర్ ఇంకా గట్టిగా లాగుతారు, బండి ఇంకా అటే పోతుంది.

దిగుడులో తిప్పాలంటే లివర్‌తో పాటు అదే వైపు బ్రేకు కూడా తొక్కాలి, లేదా ఎదుటి లివర్ కొద్దిగా లాగాలి. రెండో పద్ధతి చేయి తిరిగినవాళ్లకే. కొత్తవాళ్లకి బ్రేకు పద్ధతే నేర్పండి, అదీ ఖాళీ నేల మీద చిన్న వాలులో. దిగేటప్పుడు తక్కువ గేరు, బ్లేడు నేలకి దగ్గరగా. మెయిన్ క్లచ్ విడదీసి జారనివ్వడం ఎప్పుడూ పనికిరాదు.

పొద్దున బాగుంటుంది. మధ్యాహ్నానికి లివర్ లాగినా తిరగడం ఆలస్యమవుతోంది.

హైడ్రాలిక్ సాయంతో పనిచేసే స్టీరింగ్‌కి వచ్చే జబ్బు ఇది. ఆయిల్ వేడెక్కి పల్చబడితే అరిగిన పంపులోంచి, వాల్వు స్పూల్ పక్కల నుంచి, క్లచ్ పిస్టన్ సీళ్ల నుంచి కారిపోయి ఒత్తిడి చాలదు. గుంటూరు మే నెల ఎండలో ఇది ఇంకా బాగా బయటపడుతుంది. ఆయిల్ మట్టం, స్ట్రెయినర్ (ఆయిల్ జల్లెడ) చూశాక ప్రెషర్ గేజ్ పెట్టించండి. రెండు వైపులా ఒత్తిడి తక్కువుంటే పంపు లేదా రిలీఫ్ వాల్వు, ఒకవైపే తక్కువుంటే ఆ వైపు వాల్వు లేదా సీళ్లు. గేజ్ లేకుండా పంపు మార్చమనే మెకానిక్ మాట మీద డబ్బు పెట్టకండి.

దీనికి వ్యతిరేకంగా, పొద్దున మొండికేసి వేడెక్కాక బాగైతే ఆయిల్ మరీ చిక్కనిది పోశారు, లేదా స్ట్రెయినర్ మూసుకుపోయింది. ఆయిల్‌లో నురుగు ఉంటే గాలి పీలుస్తోంది. తెల్లగా మజ్జిగలా ఉంటే నీళ్లు కలిశాయి.

ఆయిల్ క్లచ్ గదిలో 90 గేర్ ఆయిల్ పోయొచ్చా?

వద్దు. గేర్ ఆయిల్‌లో కలిపే రసాయనాలు ప్లేట్ల పట్టుని తగ్గిస్తాయి, చిక్కదనం వల్ల ప్లేట్లు విడిపోవడమూ ఆలస్యమవుతుంది. చాలా బండ్లకి అక్కడ పోయాల్సింది మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఇంజన్ ఆయిలే. గేరు బాక్సు, స్టీరింగ్ గది ఆయిల్ ఒకటో వేరో కూడా అందులోనే చూసుకోండి.

బ్రేకు తొక్కితే కిందిదాకా పోతోంది, బండి పెద్ద చుట్టు తిరుగుతోంది.

బ్యాండ్ బిగించండి, రెండు వైపులా సమానంగా. బిగింపు అయిపోయి, ఇంకా జారుతుంటే లైనింగ్ పని. పొడి బ్యాండ్‌కి ఆయిల్ పట్టి ఉంటే సీలు మార్చకుండా కొత్త లైనింగ్ వేయించడం నీళ్లలో పోసిన డబ్బు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. కంప్రెసర్ గాలి కొట్టి దుమ్ము లేపకండి, తడిగుడ్డతో తుడవండి.

చైను బిగుతుకీ స్టీరింగ్‌కీ సంబంధం ఏమిటి?

ఇంతకుముందే అన్నట్టు, బిగుతు ఎక్కువైన చైను ఆ వైపుని వెనక్కి లాగుతుంది. రేగడి నేలలో దీనికి ఇంకో మెలిక ఉంది. స్ప్రాకెట్ పళ్ల మధ్య, రోలర్ల మీద నల్లమట్టి గడ్డకట్టి, పొద్దున సరిగ్గా ఉన్న చైను సాయంత్రానికి తీగలా బిగుసుకుంటుంది. సాయంత్రం పార తీసుకుని గీకేయడం డ్రైవర్ పని, మర్నాటికి ఆరితే ఇటుకే. బిగుతు కొలవాల్సింది మట్టి తీశాకే. టాప్ రోలర్‌కీ (చైను పై భాగాన్ని మోసే చక్రం) ఐడ్లర్‌కీ మధ్య చైను మీద తిన్నటి కడ్డీ పెట్టి మధ్యలో వేలాడే ఖాళీ చూస్తారు. కొమాట్సు తరహా బండ్లలో అది సుమారు 20 నుంచి 30 మి.మీ. ఉండాలి.

గ్రీజుతో బిగించే రకమైతే వదులు చేసేటప్పుడు వాల్వుని ఒక చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి, ముఖం దాని ఎదురుగా పెట్టకండి. లోపల గ్రీజు భయంకరమైన ఒత్తిడిలో ఉంటుంది.

సరే, క్లచ్ విప్పక తప్పలేదు. ఆటోనగర్‌కి వెళ్లే ముందు ఏం గుర్తుంచుకోవాలి?

విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరులో గానీ ప్లేట్లు, సీళ్లు, లైనింగ్ వేసేవాళ్లు దొరుకుతారు. నమూనాగా పాత ప్లేటు ఒకటి, బండి మోడల్, సీరియల్ నంబరు పట్టుకెళ్లండి. డి-50లోనే సిరీస్ మారితే ప్లేటు పళ్ల లెక్క మారవచ్చు. కొత్త ప్లేట్లు కొంటూ పాత సీళ్లు వేయకండి. డ్రమ్ము లోపలి పళ్ల మీద ప్లేట్లు తొలిచిన గాడులు ఉంటే, కొత్త ప్లేట్లు ఆ గాడుల్లో చిక్కి సరిగ్గా విడిపోవు. లేత్ షాపులో చూపించి, సరిచేయడమా మార్చడమా తేల్చుకోండి. స్టీలు ప్లేట్లని చదునైన అద్దం మీద పెట్టి వంకర చూడండి.

స్ప్రింగుల కట్టని విప్పేటప్పుడు మాత్రం తొందర వద్దు. నొక్కిపట్టే పొడుగు బోల్టులు పెట్టి, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదలాలి. ఒక్కసారిగా విప్పితే అవి తుపాకీ గుండ్లే. ఒకవైపే పాడైనా రెండో వైపు కూడా తెరిచి చూడమంటాను. సీటు, ట్యాంకు ఎలాగూ దించారు, రెండోసారి అదే కూలీ ఎందుకు?

ఇంజన్ చెడిపోయిన డోజర్‌ని ఇంకో బండితో లాగి స్టీరింగ్ చేయవచ్చా?

చిక్కుకున్న చోటు నుంచి బయటికి తీయడం వరకే. స్ప్రింగుల వల్ల క్లచ్‌లు కలిసే ఉంటాయి కాబట్టి గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. హైడ్రాలిక్ సాయం లేనందువల్ల లివర్లు, బ్రేకులు మొద్దుబారతాయి, కొన్నిటిలో అసలు పనిచేయవు. వాలులో అయితే ముందు చైన్ల కింద దిమ్మలు వేయండి, తాడు కట్టాకే బ్లేడు ఎత్తండి. బ్లేడు ఎత్తడానికి పంపు లేదు కదా, దానికి చైన్ బ్లాక్ కావాలి. రోడ్డు దాటి దూరం పోవాలంటే లో-బెడ్ ట్రాలీ పిలిపించండి. ర్యాంపు మీదికి చక్కగా తిన్నగా ఎక్కించాలి. ర్యాంపు మధ్యలో బండి పక్కకి వాలిందని లివర్ లాగకండి, కిందికి దింపి మళ్లీ తిన్నగా పెట్టుకుని ఎక్కించండి.